నిర్మలగిరికి ముందు రేవు దాటాం

మా అమ్మాయి కిందటి వానాకాలంలో డెంగీ జ్వరంతో ఆస్పత్రి పాలైనప్పుడు, పిల్ల లేచి తిరిగితే గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత కొండకు కుటుంబమంతా వస్తామని మొక్కుకున్నాను. పిల్ల లేచింది, బడికీ వెళ్తోంది. మొక్కు మాత్రం క్రిస్మస్ పోయి, సంక్రాంతి పోయి, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం వచ్చేదాకా వాయిదా పడుతూనే ఉంది. మార్చి 25న, యేసు పుడతాడని దేవదూత మరియమ్మకు చెప్పిన మంగళవార్త పండుగ కాబట్టి ఆ రోజుల్లో కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారని, పండుగకు ముందే ఒక శనివారం వెళ్లి వద్దామని మా వారూ నేనూ అనుకుని అత్తయ్యగారికి చెప్పాం. ఆవిడ అంతా విని, "కుటుంబమంతా అని మొక్కుకున్నావు కదమ్మా, మరి పెద్దోడో?" అన్నారు.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మా బావగారు కోనసీమలో, రాజోలు దగ్గర మా మామగారి ఊళ్లోనే ఉంటారు. మేము నరసాపురంలో ఉంటాం. మధ్యన వశిష్ఠ గోదావరి తప్ప దూరమేమీ లేదు. మామగారు పోయాక కొబ్బరితోట అన్నదమ్ములకు చెరిసగం వచ్చింది. బావగారు తన వాటాను ఆనుకుని ఉన్న వరిచేనును వనామీ రొయ్యల చెరువుకు లీజుకిచ్చారు. చెరువులోని ఉప్పునీరు గట్టు కింద నుంచి ఊటగా మా చెట్ల మొదళ్లకు చేరింది, ఆకులు పసుపు బారాయి, కాపు పడిపోయింది. మా వారు అడిగారు, ఆయన విసుక్కున్నారు, మాటా మాటా పెరిగింది. ఆ తరువాత అన్నదమ్ములిద్దరూ ఎడమొహం పెడమొహమే. అమ్మాయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా తోటికోడలు ఒక్కర్తే వచ్చి, క్యారేజీలో చారన్నం పెట్టుకొచ్చి, పిల్ల తల నిమిరి వెళ్లింది. బావగారు ఆస్పత్రి గేటు దాకా వచ్చి బండి మీదే కూర్చున్నారని నాకు చాలా రోజుల తరువాత తెలిసింది.

మా అత్తయ్యగారి విశ్వాసం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామగారిది ఆర్‌.సి.ఎం., అంటే రోమన్ కతోలిక కుటుంబం, పిల్లలూ ఆ సంఘంలోనే పెరిగారు. ఆవిడ పుట్టింటివాళ్లు మాత్రం పాలకొల్లు దగ్గరి బ్రదరన్ మందిరంవాళ్లు, స్వరూపాల ముందు మొక్కని ప్రొటెస్టెంటు సంఘం అది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించరు, వెలిగించే మమ్మల్ని ఒక్క మాట కూడా అనరు. అటువంటి మనిషి ఆ రోజు మా మొక్కును మాకే తిప్పి చెప్పారు. బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడినప్పుడు నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట అది. "విరోధం వాడికి నీ మీద ఉన్నా, నీకు వాడి మీద ఉన్నా, నడవాల్సింది నువ్వేరా" అని మా వారితో అన్నారు. నిజమే, తప్పెవరిదో తేలాక వెళ్లమని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. మా వారు ఆ పూట ఏమీ మాట్లాడలేదు. రాత్రి మాత్రం బండి మాట్లాడటానికి ఫోను తీశారు. కారు కాదు, అందరూ పట్టే తుఫాన్ బండి మాట్లాడమని అత్తయ్యగారు గదిలోంచే కేకేశారు.

గౌరీపట్నానికి వెళ్లే దారి నరసాపురం నుంచి ఉత్తరంగా, పాలకొల్లు, మార్టేరు, తణుకు, నిడదవోలు మీదుగా పోతుంది. మేము తెల్లవారుజామునే దానికి ఎదురు దిక్కున మాధవాయిపాలెం రేవుకు వెళ్లి, సఖినేటిపల్లి వైపు పోయే పంటు, అంటే బండ్లను కూడా దాటించే బల్లకట్టు పడవ ఎక్కాం. తుఫాన్ బండిని ఇనుప పలకల మీదుగా పంటు మీదికి ఎక్కిస్తుంటే పలకలు చప్పుడు చేస్తూ కుంగుతున్నాయి. డ్రైవరు చేతి బ్రేకు వేసి దిగి, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టాడు. చుట్టూ మోటారు సైకిళ్లు, చేపల ట్రేలు, కొబ్బరి పీచు బస్తాలు. మా వారు ఒడ్డు వైపు చూడకుండా, పడవ వెనక నీళ్లు చీలుతున్న చోటు చూస్తూ నిలబడ్డారు. అవతలి ఒడ్డు చేరడానికి పట్టినంతసేపూ ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. కొన్ని చోట్ల భార్య సలహా చెప్పకపోవడమే సాయం.

బావగారి వాకిట్లో బండి ఆగేసరికి ఆయన పెరట్లో ఉన్నారు. మేము వస్తున్నట్టు మా తోటికోడలు అక్కకు తెలుసు, అత్తయ్యగారు ముందురోజే ఫోన్ చేశారు. బావగారికి చెప్పారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన మమ్మల్ని చూసి, "ఆయ్, రండి" అన్నారు, అంతే. తరువాత చేతికి కత్తి తీసుకుని, గోడవారన పోసి ఉన్న బొండాలలోంచి ఏరి ఏరి ఒకటి తీశారు. అడుగున ఒక చెక్కు, పైన మూడు చెక్కులు, నాలుగో దెబ్బకు నీళ్లు చిమ్మకుండా చిల్లు పడింది. దాన్ని తల్లికి ఇవ్వలేదు, పిల్లలకూ ఇవ్వలేదు. తిన్నగా తమ్ముడి చేతికిచ్చి, "నీకు లేతదే కదరా పడేది" అన్నారు. మా వారు ఆ బొండాం రెండు చేతులా పట్టుకుని ఎత్తి తాగుతుంటే సగం నీళ్లు చొక్కా మీద పోయాయి. అక్క వంటింట్లోంచి పనసపొట్టు కూర తాలింపు ఘాటుకు తుమ్ముకుంటూ వచ్చి, "అన్నం కట్టేశాను, దారిలో తిందాం" అంది. అప్పటికే ఆవిడ పట్టుచీర కట్టుకుని ఉంది.

అక్కడి నుంచి అందరం కలిసి బయల్దేరి, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరాం. అక్కడ అత్తయ్యగారు పిల్లలకు తమ పుట్టింటి సంఘం కథ చెప్పారు. 1836లో ఇంగ్లండులోని డెవాన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో కలిసి ఓడెక్కి వచ్చారు. ఒకరు రాళ్లు చెక్కే మనిషి, ఒకరు చెప్పులు కుట్టే మనిషి. బౌడెన్ పాలకొల్లులో, బీర్ నరసాపురంలో నిలిచారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన 1847-1852 సంవత్సరాలలో అక్కడి కూలీల మధ్య వాళ్లు సువార్త చెప్పారు. 1853లో బీర్ కన్నుమూస్తే, ఆయన భార్య పిల్లలతో ఇక్కడే ఉండిపోయి ఆ పని సాగించింది. "మొగుడు పోయిన ఊళ్లో, భాష కాని భాషలో పిల్లల్ని పెట్టుకుని నిలబడింది. మీరు ఒక కాలువ దాటి ఒకళ్లనొకళ్లు చూసుకోడానికి ఇన్నాళ్లు తీసుకున్నారు" అని చివర్న కొడుకులిద్దరికీ కలిపి ఒక చురక వేశారు. గోదావరిని కాలువ అన్నందుకు బావగారు నవ్వారు. ఆ రోజు బండిలో అన్నదమ్ములిద్దరూ కలిసి నవ్వింది అప్పుడే.

నిడదవోలు దాటాక పల్లం పోయి మెట్ట వస్తుంది. కాలువలు, వరిచేలు తగ్గి, జీడిమామిడి తోటలు, ఆయిల్‌పామ్, పొగాకు కాల్చే బ్యారన్ల పొగ కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మా ఈ చిన్న ప్రయాణం మూడు జిల్లాలను తాకింది. నరసాపురం పశ్చిమ గోదావరి, రాజోలు కోనసీమ, గౌరీపట్నం ఉన్న దేవరపల్లి మండలం తూర్పు గోదావరి. ఏలూరు మేత్రాసనానికి (బిషప్పుగారి పరిధికి) చెందిన ఈ పుణ్యక్షేత్రానికి క్రైస్తవులు కానివాళ్లు కూడా పసుపు కుంకుమలతో, పూలదండలతో వస్తుంటారు. మా ముందు మెట్లెక్కుతున్న ఒక ముసలాయన మెట్టు మెట్టుకూ ఆగి, పక్కన ఉన్న కోడలి భుజం పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. అత్తయ్యగారు కొండ పైకి వచ్చారు గానీ మరియమాత స్వరూపం దగ్గరికి రాలేదు. చెట్టు నీడన అరుగు మీద కూర్చుని బైబిలు తెరిచారు. నేను కొవ్వొత్తులు వెలిగించి, అమ్మాయి చేత పూలదండ వేయించాను. మొక్కు అంతటితో తీరినట్టే.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ రోజు కొండ మీద పూజాబలి (మాస్)లోని ఒక చిన్న ఘట్టం. సత్ప్రసాదానికి ముందు ఒకరికొకరు సమాధానం తెలుపుకోమని గురువుగారు చెబుతారు. ప్రతి ఆదివారమూ చేసేదే. పక్కవాళ్లకు చేతులు జోడించి, నవ్వి, మళ్లీ ముందుకు తిరుగుతాం. ఎన్ని ఆదివారాలు అలా ముక్కూ మొహం తెలియని వాళ్లకు సమాధానం చెప్పి, ఇంటికి వచ్చి ఫోనులో అన్న నంబరు కనబడితే పక్కన పెట్టేసే మనుషులు ఉంటారో లెక్క లేదు. ఆ రోజు మా వారి పక్కన నిలబడింది బావగారే. తప్పించుకునే వీలు లేదు. మా వారు చేతులు జోడించారు, బావగారు ఆ జోడించిన చేతులను తన రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదు. వెనక వరసలో వాళ్లు కూర్చోమని చెప్పేదాకా అలాగే ఉన్నారు.

ఇటువంటి ఘట్టం దగ్గర కథ ఆపేయడం మన ప్రసంగీకులకు అలవాటు. బైబిలులో విరోధం పడ్డ అన్న ఏశావు పరుగెత్తి వచ్చి తమ్ముడు యాకోబును కౌగిలించుకున్నాడని చెప్పి ఆమెన్ అంటారు. ఆదికాండం 33వ అధ్యాయాన్ని కడదాకా చదివితే, కౌగిలి అయ్యాక ఏశావు శేయీరుకూ యాకోబు సుక్కోతుకూ, ఎవరి దారిన వాళ్లు వెళ్లారని ఉంటుంది. సమాధానపడటం అంటే హద్దురాళ్లు పీకేయడం కాదు. తిరిగి వచ్చేటప్పుడు తణుకు దగ్గర టీ తాగుతూ అన్నదమ్ములు మొదలుపెట్టింది చెరువు గొడవే, అదీ గట్టిగానే. లీజుదారు చేత గట్టు చుట్టూ ఊటనీరు లాగే కాలువ తవ్వించాలని మా వారు, తవ్విస్తే లీజు డబ్బు తగ్గిస్తానంటున్నాడని బావగారు. అక్క నా వైపు చూసింది. నేను పిల్లలకు బిస్కెట్లు పంచుతూ ఉండిపోయాను. ఆ మాటలు పాత మాటలే, కాకపోతే ఈసారి ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

ఇప్పుడు నెలకొక శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన పెట్టుకుంటున్నాం, ఒక నెల రేవుకు ఇవతల, ఒక నెల అవతల. జపమాల చెప్పుకునేటప్పుడు అత్తయ్యగారు కళ్లు మూసుకుని మౌనంగా ఉంటారు. వాక్యం చదవడం, వివరించడం ఆవిడ వంతు, అందులో ఎవరినీ వేలు పెట్టనివ్వరు. మా అమ్మాయీ, బావగారి అబ్బాయీ పరీక్షల పేరు చెప్పి ప్రార్థన కురచ చేయమని అడుగుతుంటారు, కొన్నిసార్లు గెలుస్తారు కూడా. డబ్బు లెక్కలు ప్రార్థన అయ్యాక, భోజనానికి ముందు తేల్చుకోవాలని ఆవిడే నియమం పెట్టారు. తిన్నాక మాట్లాడితే నిద్ర వంకతో వాయిదా వేస్తారని ఆవిడ అనుభవం. కిందటి నెల ఆ లెక్కలకే గంటకు పైగా పట్టి అన్నం చల్లారిపోయింది. కాలువ సగం తవ్వారు. లీజు కాగితం కొత్త పంటకు తిరగరాస్తారట, దాని మీద ఇద్దరి సంతకాలూ ఉంటే తప్ప తాను సంతకం పెట్టేది లేదని అత్తయ్యగారు ముందే చెప్పేశారు.