పేపర్లు అమ్మిన వీధుల్లో మామయ్యతో ఒక రోజు

నెల్లూరులో ఉదయం ఎక్కిన రైలు సూళ్లూరుపేట దాటేవరకు మామయ్య పెదవి విప్పలేదు. గుమ్మిడిపూండి వచ్చాక కిటికీ వైపు జరిగి, "ఏరా, మూర్ మార్కెట్టు ఇంకా కనబడుతుందా?" అని అడిగారు. ఆ మార్కెట్టు 1985 మే 30న కాలిపోయిందని ఆయనకు తెలియక కాదు, తెలిసిన సంగతినే మళ్లీ ఒకసారి అడిగి నిర్ధారించుకోవడం ఆయనకు అలవాటు. ఇప్పుడాయనకు 83 ఏళ్లు. పదేళ్ల వయసులో మద్రాసు వీధుల్లో తాను పేపర్లు అమ్మిన చోట్లన్నీ చూడాలని ఏడాదిగా అంటున్నారు. నా వంతు పనల్లా ఆటోలు మాట్లాడటం, ఆయన చెప్పేది వినడం.

సెంట్రల్ స్టేషన్ బయటికి వచ్చి సబర్బన్ రైళ్ల భవనం ముందు నిలబడ్డాం. మార్కెట్టు పోయినా దాని పేరు మాత్రం ఆ భవనానికి మిగిలింది. అక్కడ పాత పుస్తకాల కొట్లు, పిట్టలమ్మేవాళ్ల కొట్లు ఉండేవని ఆయన చేత్తో గాలిలో గీసి చూపించారు. కొత్తవాల్ చావడిలో మూటలు మోసే తండ్రికి ఆ యేడు నడుము పట్టేసి పని పోతే, ఐదుగురున్న ఇంట్లో పెద్దవాడు కనుక మామయ్యను ఒక ఏజెంటు దగ్గర చేర్చారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కట్ట తెచ్చుకోవాలి, ఎనిమిదికల్లా అమ్మాలి, తర్వాత బడికి పోవాలి. సాయంత్రం మళ్లీ మెయిల్ పత్రిక ఉండేది. అది సాయంత్రపు ఇంగ్లీషు పేపరు కాబట్టి ఆఫీసులు వదిలే వేళకు దానికి గిరాకీ. పాతిక పేపర్లు అమ్మితే నాలుగణాలు చేతికి వచ్చేవట. బడి ఎక్కువ రోజులు సాగలేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన మాటల్లో నాకు ముందు పట్టుబడింది అమ్మకం లెక్క కాదు, కేక లెక్క. "వార్త మొత్తం అరిస్తే ఎవడూ కొనడు, ఏమీ అరవకపోతే కూడా కొనడు. సగం చెప్పి ఆపాలి" అన్నారు. పేపర్లో ఎంతమంది రాసినా, ఎంత అచ్చు వేసినా, వీధి మనిషి చెవిలో పడేది ఆ పిల్లవాడు ఒక్క ఊపిరిలో అనగలిగిన రెండు మూడు మాటలే. ఇంగ్లీషు పేపరు చదవడం ఆయనకు రాదు, ఏజెంటు దగ్గరి గుమాస్తా చెప్పిన మాటను దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్లేవారు. జార్జిటౌన్ సందుల్లో తెలుగులో, ప్యారిస్ కార్నర్ దాటాక అరవంలో అరిచేవారు. ఏ వీధి మొదట్లో గొంతు మార్చాలో ఆయనకు ఇప్పటికీ గుర్తుంది.

ఆటోలో ప్యారిస్ కార్నర్‌కు చేరాం. ఇక్కడే 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా కదిలిన జనంలోంచి ప్రకాశం పంతులు తుపాకుల ముందుకు వెళ్లి నిలబడ్డారు, పక్కనున్న బ్రాడ్వేకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. మామయ్యకు మాత్రం ఈ కూడలి అంటే ట్రాము. 1895లో మొదలైన మద్రాసు ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి, అంటే ఆయన చూసింది వాటి చివరి రోజులు. మలుపు దగ్గర ట్రాము నెమ్మదించినప్పుడు మెట్టు మీదికి దూకి, నాలుగు పేపర్లు అమ్మి, కండక్టరు వచ్చేలోపు దిగిపోవాలి. ఒకసారి కాలు జారి మోకాలు చీలింది, ఆ మచ్చ నేను చిన్నప్పుడే చూశాను, కాని మామిడి చెట్టెక్కి పడ్డానని మాకు చెప్పేవారు.

అక్కడి నుంచి తంబుచెట్టి వీధికి నడిచాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్‌లో మద్రాసులో దినపత్రిక అయి ఈ వీధి నుంచే వెలువడింది. ఆరు నెలలు తిరగకముందే, సెప్టెంబరు 22 రాత్రి, జర్మన్ల ఎమ్డెన్ నౌక రేవు దగ్గరి చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. సముద్రానికి ఇంత దగ్గరి వీధిలో మర్నాటి పేపరు కోసం జనం ఎలా ఎగబడి ఉంటారో, ఆ రోజు కేక వేసిన పిల్లలెవరో, ఎవరి రాతలోనూ నాకు కనబడలేదు. సంపాదకుల పేర్లు మనకు వరుసగా తెలుసు, అమ్మిన పిల్లల పేర్లు వాళ్ల ఇళ్లు దాటి రాలేదు. ఆ పత్రిక ఆఫీసు ఉన్న ఇంటిని మామయ్య పోల్చుకోలేకపోయారు. రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఒక పేపరు గోదాము ముందు ఆగి, సిరా వాసన లేదే అని వెనక్కి తిరిగారు.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది మిగులు. అమ్ముడుపోని పేపరు ఎవరి నెత్తిన పడుతుంది? 1899 జూలైలో న్యూయార్కు పేపరు కుర్రాళ్లు రెండు పెద్ద పత్రికల మీద సమ్మెకట్టింది పేపరు ధర మీదే అయినా, చివరికి వాళ్లకు ఊరట దొరికింది ఈ మిగులు విషయంలోనే. స్పెయిన్‌తో యుద్ధకాలంలో నూరు కాపీలకు 50 సెంట్ల నుంచి 60కి పెంచిన ధరను యజమానులు యుద్ధం అయ్యాక కూడా తగ్గించలేదు. సమ్మె తర్వాత ధర తగ్గలేదు గాని, మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోవడానికి యజమానులు ఒప్పుకున్నారు. మామయ్య ఏజెంటు మామూలు రోజుల్లో మిగులు తీసుకునేవాడు, పెద్ద వార్త ఉన్న రోజున తీసుకునేవాడు కాదు. లోపలి షీటు ఒకటి తక్కువైన కాపీని కొన్నవాడు తెచ్చి మొహాన కొడితే ఆ నష్టం కూడా కుర్రవాడిదే. పోనీ చట్టమేమైనా కాపాడిందా అంటే, 1938 చట్టం రైల్వే పనుల్లో, రేవుల్లో 15 ఏళ్లలోపు పిల్లలను పెట్టుకోకూడదన్నది. వీధిలో చంకన కట్ట పెట్టుకుని తిరిగేవాడు కాగితం మీద ఎవరి నౌకరూ కాదు, వాడు వ్యాపారి! పదేళ్ల వ్యాపారి. ఆ రోజుల్ని తలచుకుని ముచ్చటపడేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు వేయడానికి కారణం ఇదే.

రాయపేటలో ఆంధ్రప్రభ అచ్చయిన ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్ ఉన్న చోట ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ ఉంది. లోపల ఏసీ చల్లదనానికి మామయ్య భుజం మీది తువ్వాలు చెవులకు చుట్టుకున్నారు. పది నిమిషాలకు మించి ఉండలేదు.

చివరగా మైలాపూరు వెళ్లాం. రాయపేట హైరోడ్డు 126వ నంబరు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు అక్కడ నిరాహార దీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఇప్పుడది ఆయన స్మారక భవనం. గేటు దగ్గర మామయ్య చెప్పులు విడిచారు, అవసరం లేదని అన్నా వినలేదు.

డిసెంబరు 16 తెల్లవారుజామున ఆయనకు రోజూ ఇచ్చే పాతిక కాకుండా అరవై కాపీలు ఇచ్చారట. ఏమని అరవాలి అని అడిగితే గుమాస్తా సమాధానం చెప్పలేదు. ఆ రోజు ఆయన కేక వేయలేదు, వేయాల్సిన పని పడలేదు. జార్జిటౌన్‌లో తెలుగువాళ్ల సందు మొదట్లోకి వెళ్లేసరికి మనుషులు వచ్చి చంకలోని కట్ట లాక్కున్నారు. కొందరు చిల్లర చేతిలో పెట్టారు, కొందరు పేపరు చూస్తూ చూస్తూ నడిచి వెళ్లిపోయారు, ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే డబ్బులు ఎలా అడగాలో తెలియక ఊరుకున్నారు. తిరిగి వచ్చి లెక్క చూస్తే పదకొండు కాపీల డబ్బు తక్కువ. ఏజెంటు కూడా తెలుగువాడే, ఆ ఉదయం అతని కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, అయినా పదకొండు కాపీలూ మామయ్య ఖాతాలో రాశాడు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించిన రోజున కూడా ఆ బాకీ తీరలేదు. సంక్రాంతి పోయిన తర్వాత తీరింది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చేనాటికి వాళ్ల కుటుంబం నెల్లూరు చేరిపోయింది.

ఇదంతా ఆయన స్మారక భవనం మెట్ల మీద కూర్చుని, మధ్యలో ఒక అరటిపండు తింటూ చెప్పారు. పత్రికలో ఆ వార్త చదివారా అని అడిగాను. "అప్పటికి నాకు పెద్ద అక్షరాలే వచ్చు. ఆ రోజు పెద్ద అక్షరాలు చాలానే ఉన్నాయి" అన్నారు.

రాత్రి రైలుకు ముందు సెంట్రల్‌లో ఒక దుకాణంలో తెలుగు పత్రిక కొని ఆయన చేతికిచ్చాను. ఆయన చదవలేదు. బొటనవేలితో అంచు మీటి పుటలు లెక్కపెట్టి, దుకాణం దగ్గరికి తిరిగి వెళ్లి, "ఇందులో లోపలి షీటు లేదయ్యా" అని అరవంలో చెప్పి వేరే కాపీ తీసుకుని వచ్చారు.