పెంకు సాఫీగా ఊడే కోడిగుడ్డు కోసం: ఎనిమిది ఆదివారాల నోటు పుస్తకం

జూన్ 8

ఈ నోటు పుస్తకం మొదలుపెట్టడానికి కారణం పోయిన వారం పాడైన పులుసు. గుంటూరు దగ్గరి మా ఊరి నుంచి వస్తూ అమ్మ, మా పెట్టలు ఆ రెండు రోజుల్లో పెట్టిన పన్నెండు నాటు కోడిగుడ్లను ఊకలో సర్ది హైదరాబాదు దాకా ఒక్కటి కూడా పగలకుండా తెచ్చింది. మధ్యాహ్నం చుట్టాలు వస్తున్నారని వాటితోనే పులుసు పెట్టాలనుకుని, ఎప్పటిలాగే చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి, నీళ్ళు తెర్లడం మొదలైన తరువాత పది నిమిషాలు ఉంచి దించాను. పెంకు తీయబోతే ప్రతి ముక్కకూ తెల్లసొన అంటుకుని పెళ్ళలుగా ఊడివచ్చింది. పన్నెండింటిలో నున్నగా మిగిలినవి మూడే.

పులుసులో వేసే గుడ్డు నున్నగా ఉండడం కేవలం అందం కోసం కాదు. నిలువునా నాలుగు గాట్లు పెట్టి, పసుపు, కారం వేసిన నూనెలో వేయించేటప్పుడు, గుంటలు పడిన గుడ్డు మూకుడుకు అంటుకుని చీలిపోతుంది, పచ్చసొన బయటపడి పులుసులో కలిసిపోతుంది. అమ్మ చూసి, "ఇంత తాజా గుడ్లు పొరటుకు బాగుంటాయి గానీ పులుసుకు పనికిరావే, ఒక వారం ఆగాల్సింది" అన్నది. ఆ మాట ఎంతవరకు నిజమో, ఆగే వీలు లేనప్పుడు ఏం చేయాలో తేల్చుకోవాలని, ఆదివారానికి ఒక్క మార్పు చొప్పున చేసి చూడడం మొదలుపెట్టాను.

జూన్ 15

అమ్మ మాట నిజమే. ముప్పై ఫారం గుడ్ల ట్రే ఒకటి కొని, నాలుగింటిని కొన్న రోజునే, నాలుగింటిని ఫ్రిజ్‌లో వారం ఉంచిన తరువాత, రెండుసార్లూ చన్నీళ్ళలోనే మొదలుపెట్టి ఉడకబెట్టాను. మొదటి నాలుగింటిలో మూడు చెడిపోయాయి, వారం ఆగిన వాటిలో ఒక్కటే చెడిపోయింది. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. పెంకుకు ఉండే వేల సూక్ష్మరంధ్రాల గుండా రోజులు గడిచేకొద్దీ అది బయటికి పోతుంది, దానితో తెల్లసొన పీహెచ్ సుమారు 7.6 నుంచి 9 పైకి చేరుతుంది. క్షారగుణం పెరిగిన తెల్లసొన పెంకు లోపలి పొరకు అంత గట్టిగా అతుక్కోదు. అదే రంధ్రాల నుంచి నీరు కూడా ఆవిరై, గుడ్డు వెడల్పు కొన దగ్గర ఉండే గాలి గది పెద్దదవుతుంది. లోతైన గిన్నెడు నీళ్ళలో వేసినప్పుడు తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకోవడానికీ, పాతబడిన గుడ్డు వెడల్పు కొన పైకెత్తి నిలబడడానికీ కారణం ఆ గాలే. నేను అడుగున నిలబడిన వాటిని ఉడకబెట్టడానికి ఎంచుకుంటున్నాను, పైకి తేలిన దాన్ని పారేస్తాను.

జూన్ 22

ఈ మొత్తం ప్రయత్నంలో నాకు అన్నిటికంటే విలువైన రోజు ఇది. ఒకే ట్రేలోని తాజా గుడ్లు ఎనిమిది తీసుకుని, నాలుగు చన్నీళ్ళ గిన్నెలో, నాలుగు మసులుతున్న నీళ్ళ గిన్నెలో వేశాను. చన్నీళ్ళలో మొదలైనవి మళ్ళీ పెళ్ళలు పెళ్ళలుగా వచ్చాయి. మసిలే నీళ్ళలో పడినవి నాలుగూ నున్నగా వచ్చాయి. అందులో ఒకదాని పెంకు పొరతో సహా రెండే ముక్కలుగా ఊడి, కింద తెల్లసొన పింగాణీ గిన్నెలా మెరిసింది. దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను.

నీళ్ళతోపాటు గుడ్డు నెమ్మదిగా వేడెక్కితే, తెల్లసొన గట్టిపడుతున్నంతసేపూ పొరను ఆనుకునే ఉండి దానితో కలిసిపోతుంది. ఒక్కసారిగా వేడి తగిలితే పైవరుస మాంసకృత్తులు చప్పున గడ్డకట్టి దగ్గరికి ముడుచుకుంటాయి కనుక పొరతో ఆ పట్టు ఏర్పడదు. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే చిక్కబడడం మొదలవుతుంది, బాగా గట్టిపడడానికి మాత్రం 80 డిగ్రీలు కావాలి. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా ఈ పనికి ఆ వేడి ధారాళంగా సరిపోతుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డును సరాసరి మసిలే నీళ్ళలో వదిలితే, అది అడుగుకు తగిలి చిట్లుతుంది. అరగంట ముందే బయట పెట్టడం, చిల్లుల గరిటెతో ఒక్కొక్కటిగా దించడం, దించిన వెంటనే గుడ్లు ఎగిరిపడకుండా మంట తగ్గించడం అవసరం.

జూన్ 29

ఉప్పు, వెనిగర్, వంటసోడా. మసిలే నీళ్ళలో వేసిన తరువాత ఈ మూడింటి వల్ల పెంకు ఊడడంలో నాకు ఏ తేడా కనబడలేదు. ఉప్పుకు వేరే ఉపయోగం ఉంది: గుడ్డు చిట్లితే కారే తెల్లసొన ఉప్పునీళ్ళలో త్వరగా గడ్డకట్టి పగులును పూడుస్తుంది. వెనిగర్ పెంకు పైభాగాన్ని కరిగించి గరుకు చేసింది, సోడా వేసిన గుడ్డుకు వాసన తేడా వచ్చింది. ఈ రెండింటినీ ఇక వాడను.

జూలై 6, జూలై 13

చిట్లడం తగ్గాలంటే ఆవిరి మేలన్న ఆలోచనతో ఇడ్లీ పాత్ర దించాను. గుడ్డు గుంటలో కదలకుండా కుదురుగా కూర్చుంటుంది, అయితే గుడ్డు ఎత్తు వల్ల పైన మరో రేకు పట్టదు కనుక ఒక విడతకు నాలుగే అవుతాయి. మరుసటి ఆదివారం రేకులు తీసేసి, ఆ పాత్రలోనే పట్టే చిల్లుల పళ్ళెం పెడితే పది గుడ్లు పట్టాయి. రెండంగుళాల నీళ్ళు పోసి, ఆవిరి ధారగా బయటికి వస్తున్నప్పుడే గుడ్లు పెట్టి మూత వేయాలి. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసి పెట్టినా ఒక్కటీ చిట్లలేదు. ఫారం గుడ్డుకు 12 నిమిషాలు, చిన్నవిగా ఉండే నాటు గుడ్లకు 10 నిమిషాలు నాకు సరిపోయింది. ఫోను వచ్చి ఒకసారి 20 నిమిషాలు ఉండిపోతే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం ఏర్పడింది. తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది. హాని లేదు గానీ పచ్చసొన పిండిలా పొడిబారిపోయింది.

జూలై 20

దించిన గుడ్లను ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచడం, ఉడకడాన్ని అక్కడికక్కడ ఆపడానికి ముఖ్యం. కొళాయి నీళ్ళు రెండుసార్లు మార్చినా పెంకు బాగానే ఊడింది కనుక, ఐసు లేదని పని ఆపుకోనక్కరలేదు. తీసే పద్ధతికి మాత్రం తేడా బాగా తెలిసింది. ముందు వెడల్పు కొనను గట్టు మీద కొట్టి గాలి గదిని పగలగొట్టాలి. తరువాత అరచేతి కింద మెల్లగా దొర్లించి, పెంకు అంతటా బీటలు పడ్డాక గుడ్డును నీళ్ళలో ముంచి ఆ కొన నుంచే తీయాలి. బొటనవేలు పెంకు కిందకు మాత్రమే కాదు, తెల్లటి పొర కిందకు దూరాలి. పొర వేలికి దొరికితే మిగతాదంతా దానితోనే వస్తుంది. దొరకకపోతే పెంకును గిల్లుతూ కూర్చోక, మళ్ళీ గాలి గది దగ్గరికి వెళ్ళి వెతకడం మంచిది.

జూలై 27

అమ్మ మళ్ళీ వచ్చింది, మళ్ళీ పన్నెండు నాటు గుడ్లు, అవీ రెండు రోజుల లోపు పెట్టినవే. ఈసారి వారం ఆగలేదు. ఆరు చొప్పున రెండు విడతలుగా ఆవిరి మీద పది నిమిషాలు ఉంచి, చన్నీళ్ళలో వేసి, వెడల్పు కొన నుంచి ఒలిచాను. పదకొండు నున్నగా వచ్చాయి. పన్నెండోదానికి నడుము దగ్గర చిన్న పెళ్ళ ఊడింది. అమ్మ ఆ పదకొండింటికీ తానే గాట్లు పెట్టి నూనెలో వేయించింది, ఒక్కటీ మూకుడుకు అంటుకోలేదు.

ఆ పన్నెండో గుడ్డులో గాలి గది దాదాపు లేదు, బహుశా ఆ ఉదయం పెట్టినదై ఉంటుంది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు గుడ్డు మీద పెన్సిలుతో తేదీ వేసి ఉంచమని అమ్మకు చెప్పాను. ఒకటి, మూడు, ఐదు, ఏడు రోజుల నాటు గుడ్లను ఒకే పళ్ళెంలో ఆవిరికి పెట్టి చూడడం ఆగస్టులో చేయవలసిన పని.