పిడికిలితో కొలిచిన లోయ

కొండెక్కాలి కాబట్టి సంచిలో మూడే లెన్సులు పెట్టుకున్నాను: 24 మి.మీ., 50 మి.మీ., ఒక 70–200 జూమ్. కెమెరా ఫుల్‌ఫ్రేమ్, అంటే సెన్సార్ 36 మి.మీ. పొడుగు, 24 మి.మీ. వెడల్పు. వ్యూపాయింట్ చేరేసరికి ఎండ ఇంకా లోయ అడుగుకు దిగలేదు. ఇలాంటి చోట ఏ లెన్సు కావాలో తేలాలంటే, సంచి తెరిచే ముందు చెయ్యి చాచి దృశ్యం ఎన్ని డిగ్రీలుందో చూడాలి. చాచిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, జాన దాదాపు 20. ఫ్రేము అడ్డంగా పెడితే 200 మి.మీ.కి పట్టేది ఒక పిడికిలి, 50కి రెండు జానలు, 24కి నాలుగు జానలకు కాస్త తక్కువ. ఎదుటి రెండు శిఖరాలూ జాన మీద పిడికిలిన్నరకు సరిపోయాయి, అంటే 35 డిగ్రీలు. 50 తగిలించాను, రెండూ వచ్చాయి.

పక్కనున్న మిత్రుడు ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) కెమెరాకు అదే 50 పెడితే ఒక శిఖరం తెగిపోయింది. చిన్న సెన్సార్ మీద దానికి అడ్డంగా 27 డిగ్రీలకు మించి రాదు, అతనికి కావలసింది 35 మి.మీ. లెన్సు. పెట్టె మీద 50కి దాదాపు 47 డిగ్రీలని ఉంటుంది కానీ, అది ఫుల్‌ఫ్రేమ్‌లో మూల నుంచి మూలకు కొలిచిన కోణం. దాన్ని నమ్ముకుని అడ్డంగా లెక్క వేస్తే అంచులు పోతాయి.

దిగువన జలపాతం. 30 మీటర్ల ఎత్తని అక్కడి బోర్డు. దూరాన్ని సెన్సార్ పొడుగు 36తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీది మి.మీ. అంకెతో) భాగిస్తే ఫ్రేము పొడుగు వైపు ఎన్ని మీటర్లు పడతాయో తెలుస్తుంది. 40 మీటర్ల నుంచి 24తో నిలువుగా తీస్తే 60 మీటర్లు. చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ కెమెరా మట్టంగా ఉంటే అందులో సగమే పైకి వెళ్తుంది, జలపాతం తల సరిగ్గా అంచుకు తగులుతుంది. కెమెరా పైకెత్తితే ఇరువైపులా చెట్లు లోపలికి వాలిపోతాయి. అందుకే 50 మీటర్లకు జరిగి, మట్టంగానే తీసి, కింది నేలను తర్వాత కత్తిరించాను.

నీళ్ల ముందు మనుషులను తీసేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. వాళ్లకు 3 మీటర్ల దూరంలో 24తో తీస్తే వెనక జలపాతం సన్నటి గీత, ఫ్రేము అంచున నిలబడ్డవాళ్ల ముఖాలు సాగిపోతాయి. అదే 12 మీటర్లకు వెళ్లి జూమ్‌ను 96 దగ్గర పెడితే మనుషులు అంతే ఉంటారు, జలపాతం మూడింతలకు పైగా పెరుగుతుంది. ఆ మార్పు తెచ్చేది లెన్సు కాదు, నిలబడిన చోటు. ఎంతవరకు చూపించాలన్నదే లెన్సు చేతిలో ఉంటుంది. కాబట్టి ముందు చోటు చూసుకోవాలి, తర్వాతే లెన్సు.

సాయంత్రం అవతలి గట్టు నుంచి 120 డిగ్రీల కొండల వరుస కనిపించింది. అది ఒక్క ఫ్రేములో పట్టదు, వరుసగా తీసి తర్వాత అతికించాలి. 50ని నిలువుగా పెడితే ఫ్రేముకు 27 డిగ్రీలు. మూడో వంతు ఒకదానిపై ఒకటి పడేలా 18 డిగ్రీల చొప్పున తిప్పితే ఏడు ఫ్రేములు చాలు. ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు), ఫోకస్ మూడూ ఫ్రేముకో రకంగా మారకుండా మాన్యువల్‌లో పెట్టెయ్యాలి. దగ్గర్లో రెయిలింగ్ ఉంటే దాన్ని ఫ్రేములోకి రానివ్వకూడదు: ట్రైపాడ్ స్క్రూ మీద కెమెరా తిరుగుతున్నంతసేపూ లెన్సు పక్కకు జరుగుతూ ఉంటుంది, దూరపు కొండలు చక్కగా అతుక్కున్నా రెయిలింగ్ మాత్రం ముక్కలవుతుంది.