మెట్రోలో బొమ్మా బొరుసూ

ఈమధ్య మియాపూర్ మెట్రో ఎక్కగానే నింటెండో స్విచ్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్) తీసి, దాని తాతలాంటి గేమ్ బాయ్ కలర్ మెషిన్ కాలం నాటి పాత ఆట ఆడుతున్నాను: పోకెమాన్ ట్రేడింగ్ కార్డ్ గేమ్. జపాన్‌లో 1998లో, అమెరికాలో 2000లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా వదలబుద్ధి కావట్లేదు.

చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ కార్డుల్లా ఎత్తూ బరువూ చదివి లాగేసుకోవడం కాదిది. 60 కార్డుల డెక్ (మన పేక కట్టలాంటిది), టర్న్‌కు ఒక్క ఎనర్జీ కార్డే (పోకెమాన్ దాడి చేయడానికి శక్తినిచ్చేది). ప్రొఫెసర్ ఓక్ కార్డు వేస్తే చేతిలో ఉన్నవన్నీ పడేసి కొత్తగా 7 తీసుకోవాలి. చారిజార్డ్ లాంటి బలమైన పోకెమాన్ కార్డు చేతిలో ఉండగా ఆ పని చేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక కాయిన్ టెన్షన్! నిద్రపోయిన పోకెమాన్ లేవాలంటే బొమ్మ పడాలి. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కుతున్నా నా కళ్లు ఆ నాణెం మీదే. బొరుసు. మళ్లీ బొరుసు. అవతల కంప్యూటర్‌కి మాత్రం అడిగినప్పుడల్లా బొమ్మే. (లెక్కల ప్రకారం సగం సగమే, నా బీపీ ఒప్పుకోదు.)

నాకు బాగా నచ్చింది మాత్రం, గెలిస్తే బూస్టర్ ప్యాక్‌లు (కొత్త కార్డుల ప్యాకెట్లు) ఊరికే రావడం. అసలు కార్డులు కొనాలంటే జేబుకు చిల్లే.

మా మేనల్లుడు ఫోన్‌లో పోకెమాన్ పాకెట్ (ఇదే కార్డుల ఆటకు ఫోన్ రూపం) ఆడతాడు. "60 కార్డులా మామయ్యా? మాకు 20తో అయిపోతుంది" అని నవ్వాడు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను. నా ఆటలో ఓడించాల్సిన 8 మంది క్లబ్ మాస్టర్లలో ఒక్కరిని ఓడించి చూపిస్తే, బిర్యానీ ఖర్చు నాది.