కట్టింగ్‌కు ముందే ఎక్కిన మీటర్: పీహెచ్‌డీ నుంచి ఫ్యాకల్టీ దాకా నా అనుభవం

మెషీనింగ్‌లో (లోహాన్ని టూల్‌తో కోసి పార్ట్ తయారుచేసే పని) పీహెచ్‌డీకి చేరినప్పుడు పర్యావరణం నా టాపిక్‌లోనే లేదు. ఒకరోజు మా గైడ్ పవర్ మీటర్ ఇచ్చి, మిల్లింగ్ మెషీన్‌కు తగిలించి చూడమన్నారు. టూల్ ఇంకా లోహాన్ని తాకనే లేదు, మీటర్‌లో అంకె అప్పటికే బాగా ఎక్కింది. కూలెంట్ (కోసే చోటును చల్లబరిచే ద్రవం) పంపు, హైడ్రాలిక్స్, ఫ్యాన్లు, కంట్రోలర్, అన్నీ కరెంటు లాగుతున్నాయి. కట్టింగ్ మొదలయ్యాక పెరిగింది కొంచెమే. ఎంఐటీకి చెందిన గుటోవ్‌స్కీ బృందం 2006లో ప్రచురించిన పేపర్‌లో ఒక ఆటోమొబైల్ మెషీనింగ్ లైన్ లెక్క ఉంది: అసలు కట్టింగ్‌కు పోయేది గరిష్ఠంగా 14.8 శాతం ఎనర్జీ. అంతకుముందు అది చదివి పక్కన పెట్టేశాను. మీటర్ చూశాక మళ్లీ తీశాను.

థీసిస్‌కు టైటానియం తీసుకున్నాను. నూనె కలిపిన కూలెంట్‌కు బదులు మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్. టూల్ ఎక్కువసేపు నిలిచింది, పార్ట్ మీద జిడ్డు కడిగే పనీ తప్పింది. అయితే గాలిని చల్లబరిచి నైట్రోజన్ తీయడానికి కరెంటు బాగానే అవుతుంది. దాన్ని కూడా కలిపితే కొన్ని స్పీడ్‌ల దగ్గర లాభం కరిగిపోయింది. రెండు లెక్కలూ థీసిస్‌లో పెట్టాను. వైవాలో సగం సమయం దీనికే పోయింది. సిస్టమ్ బౌండరీ, అంటే లెక్కలో ఏది కలపాలి, ఏది వదలాలి అనే గీత, ఎక్కడ గీశావు, ఎందుకు అక్కడే గీశావు అని ఒకటే ప్రశ్నలు. నాకైతే ఈ రంగంలో అసలు పరీక్ష అదే అనిపిస్తుంది.

పేపర్ల దగ్గర వేరే తలనొప్పి. మాన్యుఫాక్చరింగ్ జర్నల్‌కు పంపితే చిప్ (కోసేటప్పుడు ఊడివచ్చే లోహపు తునక) ఎలా ఏర్పడిందో చెప్పలేదంటారు. ఎల్‌సీఏ (ఒక వస్తువు జీవితకాలం మొత్తంలో పర్యావరణంపై పడే భారం లెక్క) వాళ్లకు పంపితే ఫంక్షనల్ యూనిట్, అంటే లెక్కంతా దేనికి చొప్పున వేశావు, అని అడుగుతారు. కిలో లోహం తీయడానికి ఎంత ఎనర్జీ అనే లెక్క మానేసి, కావాల్సిన ఫినిష్‌తో ఒక మంచి పార్ట్ తయారవడానికి ఎంత అని రాయడం మొదలుపెట్టాక రెండు వైపులా గొడవ తగ్గింది. స్క్రాప్ అయిన పార్ట్‌ల ఎనర్జీ కూడా అందులోకే వస్తుంది.

ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో ఇదే చెప్పాను. ఎంక్యూఎల్ (కూలెంట్ పోయకుండా అతి కొద్ది నూనెను తుంపరగా చల్లే పద్ధతి) గురించి అడిగారు. నిమిషానికి లీటర్ల కూలెంట్ పోసే చోట గంటకు కొన్ని పదుల మిల్లీలీటర్ల నూనెతో సరిపోతుందన్నాను. కానీ ఆ నూనె తుంపర ఆపరేటర్ ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎగ్జాస్ట్ పెట్టాలని, దాని కరెంటూ లెక్కలో రాయాలని కూడా చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ప్రాజెక్ట్ కోసం కంపెనీల దగ్గరికి వెళ్తే కార్బన్ గురించి ఎవరూ ముందు అడగరు, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందనే అడుగుతారు. అందుకే ఆ స్లయిడ్ ముందు పెడతాను, కార్బన్ రెండోది.