మోదుగపూవు బొమ్మ వేస్తూ

ఇంగ్లండులో బడులకు పెద్ద సెలవులు జూలై చివర మొదలవుతాయి కనుక, ఇండియాలో మా ఊరికి వెళ్లిన ప్రతిసారీ మా అమ్మాయి చూసింది గుబురుగా ఆకులున్న మోదుగచెట్టునే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి, నారింజ ఎరుపుగా విరగబూసే మోదుగను తను ఎరగదు. ఎంత వర్ణించి చెప్పినా పిల్లల మనసుకు పట్టనిది కుంచె పట్టి గీస్తే పడుతుందని నా నమ్మకం. అందుకే తన చేత నీటిరంగుల్లో మొక్కల బొమ్మలు వేయిస్తున్నాను.

మోదుగకు విలియం రాక్స్‌బర్గ్ రాసిన కోరమాండల్ తీరపు (భారతదేశ ఆగ్నేయ తీరపు) మొక్కల గ్రంథాన్ని ముందు పెట్టుకున్నాము. ఆ స్కాట్లండు వైద్యుడు సామర్లకోటలో ఉంటూ, అక్కడి మొక్కలకు భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. వేసినవారి పేర్లు మాత్రం గ్రంథంలో లేవు. ఆ వైద్యుడి శ్రద్ధనూ, ఆ చిత్రకారుల పనితనాన్నీ, వారికి దక్కని గుర్తింపునూ కలిపి చెబితేనే ఈ రెండు దేశాల చరిత్ర తనకు సరిగా అర్థమవుతుందని, ఏదీ దాచకుండా చెప్పాను.

పూవు అడుగున రెండు రేకులు కలిసి చిలుకముక్కులా వంగి, పది కేసరాలను లోపల దాచుకుంటాయి. ముందు పలుచని పసుపు పూత వేసి, అది పూర్తిగా ఆరాక నారింజను పొర మీద పొరగా ఎక్కించాలి; వెలుగు పడే చోట కాగితాన్నే వదిలేయాలి. పూవును పట్టి ఉంచే నల్లటి గిన్నెకు సీసాలోని నలుపు వాడితే బొమ్మ జీవం కోల్పోతుంది. గోధుమరంగులో నీలం కలిపి తెచ్చిన నలుపే అందం. ఇలాంటి శాస్త్రీయ చిత్రాల్లో పూలగుత్తినీ, మూడాకుల రెమ్మనూ, కొసన ఒకే గింజ ఉండే కాయనూ ఒకే కాగితం మీద చూపడం ఉంది.

"అమ్మా, చెట్టు మీద ఇవన్నీ ఒకేసారి ఉండవు కదా, మరి ఇది అబద్ధం కాదా?" అని అడిగింది. ఇది ఒక్కరోజు చెట్టు కాదనీ, ఏడాది పొడవునా చూసినవారు గీసిన చెట్టనీ చెప్పాను.

తరువాత ఇంగ్లండు అడవుల్లో పూసే నీలిపూవు బ్లూబెల్ మొదలుపెట్టాము. అందులో తనే నాకు గురువు. ఇంగ్లండు బ్లూబెల్ కాడ ఒక పక్కకు వాలుతుందనీ, పుప్పొడి మీగడ తెలుపులో ఉంటుందనీ, స్పానిష్ రకం నిటారుగా నిలుస్తుందనీ పువ్వు విప్పి చూపించి, నేను తిన్నగా గీసిన కాడను చెరిపించింది.