ఒక్క బర్రె, పదకొండు సెకన్లు

నా స్క్రిప్టులో 31వ సీను ఇట్లా ఉంటుంది: "తెల్లవారుజాము. గుంట గట్టు. కరెంటు పోతుంది. కాపలా మనిషి బర్రె మెడ మీద చెయ్యేసి నిలబడతాడు." రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో "బర్రె" అనే ఒక్క మాట నాకు ఎనిమిది నెలలు పట్టించింది.

మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. నెల్లూరులో పెళ్లి వీడియోలు తీసి బతుకుతాను. మా నాయన చాన్నాళ్లు రొయ్యల గుంటలకు రాత్రి కాపలా ఉన్నాడు. ఆ కథే సినిమా తీయాలని 2022లో రాయడం మొదలుపెట్టాను. పేజీకి నిమిషం లెక్కన రాయమంటారు గానీ, తెలుగులో చేత్తో రాసేవాళ్లకు ఆ లెక్క కుదరదు. నా 64 పేజీలు చివరికి 92 నిమిషాలైనాయి. డబ్బులు తొమ్మిది లక్షలు. ఎట్టా తెచ్చానో మా ఆవిడ చదివే చోట రాయను.

ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు, కెమెరాలు ఖాళీ. అందుకని షూటింగ్ 2023 డిసెంబరులో పెట్టుకున్నాను. ఇంకో పది రోజుల్లో మొదలనగా, 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ఒకటే వాన. మేము చూసుకున్న గుంటకు గట్టు తెగిపోయింది. ఇంకో రైతును బతిమాలి ఆయన గుంట దగ్గర పదకొండు రోజుల్లో తీసేశాం. మొదటి రెండు రోజులు పెళ్లి వీడియోల అలవాటు కొద్దీ సెకనుకు 25 ఫ్రేముల్లో తీశాం. థియేటర్‌కు 24 కావాలి. దాన్ని సర్దడం వేరే తలనొప్పి, అది ఇప్పుడొద్దు.

గుంట దగ్గర రాత్రి షూటింగ్ అంటే ఏరియేటర్లతో పోరాటం. నీళ్లను చిలుకుతూ ఆ చక్రాలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. గుసగుసగా చెప్పాల్సిన డైలాగ్ కూడా అరిచి చెప్పాలి. మిగతా సీన్లన్నీ డబ్బింగ్‌లో చూసుకుందామనుకున్నాం. కానీ 31వ సీనులో కరెంటు పోవాలి. అప్పటిదాకా వినపడే రొద ఒక్కసారిగా ఆగాలి. సినిమా అంతా దాని మీదే నిలబడింది.

రైతును అడిగాను, పది నిమిషాలు ఆపమని.

"తెల్లారగట్ట ఆపమంటావేందయ్యా? అప్పుడే గదా నీళ్లల్లో ఆక్సిజన్ పడిపోయేది. రొయ్య పైకి తేలిందంటే నీ సినిమా మొత్తం అమ్మినా నా నష్టం తీరదు" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. చివరికి నాలుగు నిమిషాలకు ఒప్పుకున్నాడు, స్విచ్ దగ్గర తనే నిలబడి.

చక్రాలు ఒక్కొక్కటే ఆగినాయి. నీళ్ల మీద నురగ మెల్లగా విడిపోయింది. పక్క పల్లెలో కుక్క అరుపు కూడా వినపడింది. మా నటుడు బర్రె మెడ మీద చెయ్యేశాడు. అది చెవి ఆడించి, తల తిప్పి, అతని చొక్కా వాసన చూసింది. నేను రాయలేదది. పదకొండు సెకన్లు. కట్ చెప్పడానికి నోరు రాలేదు.

ఆ బర్రె పక్కింటి అవ్వది. నుదుటి మీద అర్ధరూపాయంత తెల్లచుక్క. అవ్వకు ఐదు వందలిచ్చి తోలుకొచ్చాం, పొద్దున్నే అప్పజెప్పాం. నా దృష్టిలో అంతటితో అయిపోయింది.

2024 ఆషాఢంలో ఎడిటింగ్ ముగించి, సెన్సార్ పనులు చూసిపెట్టే ఒకాయన్ను హైదరాబాద్‌లో కలిశాను. సినిమా చూశాడు, బాగుందన్నాడు. టీ తాగుతూ అడిగాడు: "బర్రెకు ఎన్‌ఓసీ ఉందిగా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

సినిమాలో జంతువును వాడుకోవాలంటే షూటింగ్‌కు ముందే జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి. 2001 నుంచి నిబంధనలున్నాయి. కోడైనా, కుక్కైనా, మన ఇంటి బర్రైనా అంతే. తీసిన తర్వాత మళ్లీ ఎన్‌ఓసీ, అంటే బోర్డుకు అభ్యంతరం లేదనే కాగితం. అది లేకుండా సెన్సార్ ఫైలు ముందుకు పోదు. ఈ బోర్డు ఇదివరకు చెన్నైలో ఉండేదట. పొద్దున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి ఆఫీసులో ఉండేవాడిని. ఇప్పుడది హర్యానాలో, బల్లభ్‌గఢ్‌లో ఉంది. తప్పు మాత్రం నాదే. కెమెరా లెన్సుల గురించి రాత్రుళ్లు మేలుకుని చదివినవాణ్ని, ఈ నిబంధనలు చదవలేదు.

"గ్రాఫిక్స్ అని రాసేద్దామా?" అన్నాను.

"అప్పుడు ఆ గ్రాఫిక్స్ ఎట్లా చేశావో చూపించమంటారు. చూపిస్తావా?" అన్నాడు.

రెండే దార్లు. షాట్ తీసేయాలి, లేదా అనుమతితో మళ్లీ తీయాలి. తీసేసి చూశాను. కరెంటు పోయిన చీకట్లో ఒకడు ఊరికే నిలబడి ఉన్నట్టుంది. ఎవరికోసం నిలబడ్డాడో తెలీదు. మళ్లీ తీయాలనే అనుకున్నాను.

కాగితాలు మొదలైనాయి. సీనులో జంతువు ఏం చేస్తుంది, ఎక్కడ, ఎంతసేపు, యజమాని ఎవరు, వయసెంత, ఆరోగ్యంగా ఉన్నట్టు పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఏది. "నిలబడుతుంది" అని రాశాను. ఇంకేం చేస్తుందో నాకూ తెలీదు. అవ్వ దగ్గరికి సంతకానికి పోతే, "దాన్ని అమ్మేసి మూడు నెలలైంది నాయనా. అయినా మా బర్రె నిలబడటానికి అంత దూరం నుంచి పర్మిషన్ ఏంది?" అని నోటి మీద వేలేసుకుంది. పక్క వీధిలో ఇంకో బర్రె దొరికింది. తెల్లచుక్క లేదు. కొమ్ములు కూడా కాస్త లోపలికి తిరిగి ఉన్నాయి.

అనుమతి వచ్చాక ఒకే ఒక్క తెల్లవారుజాము. గట్టు మీద పశువుల డాక్టరు గారు స్వెటర్ వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. రైతు మళ్లీ నాలుగు నిమిషాలిచ్చాడు. ఈ బర్రె చొక్కా వాసన చూడలేదు. ముందుకు చూస్తూ నెమరేసింది. నాలుగు టేకులు తీశాను, నాలుగింటిలోనూ నెమరే. పాతదానంత బాగా రాలేదని నా అభిప్రాయం. ఇది ఇంకా బాగుందని మా ఎడిటర్ ఇప్పటికీ వాదిస్తాడు.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక సెన్సార్ తొందరగానే అయింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. డైలాగులన్నీ ఉన్న పూర్తి స్క్రిప్టు టైపు చేసి ఇవ్వాలి. నేను చేత్తో రాసిందీ తెర మీద ఉన్నదీ ఒకటి కాదు కాబట్టి, సినిమా చూస్తూ మొత్తం మళ్లీ రాశాను. ఇది ఎవరూ ముందు చెప్పరు, వారం పని. మా హీరో బీడీ తాగుతాడు. తాగినప్పుడల్లా కింద హెచ్చరిక రావాలి, సినిమా మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పొగాకు ప్రకటనలు వేయాలి. బీడీ సీన్లు మూడున్నాయి. ఒకటి తీసేశాను. కమిటీ చూస్తున్నంతసేపు బయట బల్ల మీద కూర్చున్నాను. లోపలికి పిలిచి రెండు మాటలు మ్యూట్ చెయ్యమన్నారు. 2024 నిబంధనలతో యూఏ సర్టిఫికెట్ మూడు రకాలైంది కదా, నాకు యూఏ 13+ వచ్చింది. అంటే పదమూడేళ్లలోపు పిల్లలకు చూపించాలా వద్దా అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి.

నెల్లూరులో ఒక థియేటర్‌ను మార్నింగ్ షోకు అద్దెకు తీసుకున్నాను. గుంటల దగ్గర పనిచేసేవాళ్లు, ఊళ్లోవాళ్లు, మా చుట్టాలు వచ్చారు. అవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టాం. 31వ సీను వచ్చింది. ఏరియేటర్లు ఆగినాయి. హాలంతా నిశ్శబ్దం.

"ఇది మాది కాదే!" అంది అవ్వ, అందరికీ వినపడేట్టు. "మాదానికి చుక్క ఉంటది."

వెనక నుంచి వంగి, "నీదానికి పర్మిషన్ లేదవ్వా" అన్నాను.